రోడ్డు చప్పుడుతో రాయి లోతు కొలవడం

హైదరాబాద్‌లో ప్లాటు కొన్నవాళ్లు పునాదికైనా, బోరుకైనా ముందు అడిగేది రాయి ఎంత లోతులో తగుల్తదని. ఊరి కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. దాని మీద మట్టి, మొరం, సగం చివికిన రాయి. ఒక వీధిలో బండ పైకే తేలి ఉంటే, పక్క వీధిలో యాభై అడుగులు తవ్వినా కనబడదు. ఆ లోతును, ఏమీ పేల్చకుండా, సుత్తి కూడా ఎత్తకుండా, రోడ్డు మీద పోయే బస్సులూ లారీలూ నేలలో పుట్టించే అదురుతోనే పట్టుకోవచ్చు.

ఒక అల మొదటి జియోఫోన్‌ను, అంటే నేల అదురును నమోదు చేసే పరికరాన్ని, దాటి కాసేపటికి రెండోదాన్ని చేరుతుంది. రెండు రికార్డులనూ ఒకదానిమీద ఒకటి జరుపుతూ, ఎంత జరిపితే బాగా కలుస్తున్నాయో చూడటమే క్రాస్ కోరిలేషన్. రికార్డును ముక్కలుగా కోసి, వందల ముక్కలకు ఇలా చేసి ఫలితాలను కూడితే, మొదటి జియోఫోన్ దగ్గర సుత్తితో కొట్టినప్పుడు రెండోదానికి ఏం అందేదో దాదాపు అదే తేలుతుంది. పొరలుపొరలుగా ఉన్న నేలకు ఈ సంబంధాన్ని భూభౌతిక శాస్త్రవేత్త క్లేర్‌బౌట్ 1968లోనే చూపారు. 2005లో షపీరో, కాంపియో బృందం ఒక్క నెల నాయిస్‌తో, అంటే నేలలో ఎప్పుడూ ఉండే అదురుతో, కాలిఫోర్నియా భూపటలంలో వేగాల పటం గీసింది. వాళ్లకు పనికొచ్చింది సముద్రపు అలల అదురు. మన ఊరికి మచిలీపట్నం తీరం 300 కి.మీ. పైనే ఉన్నా ఆ అదురు ఇక్కడికీ అందుతుంది, కానీ దాని పీరియడ్, అంటే ఒక్కో ఊపుకు పట్టే సమయం, 5 నుంచి 20 సెకన్లు. పదిహేను మీటర్ల లోతుకు అది పనికిరాదు. మనకు కావలసింది 1 హెర్ట్జ్‌కు, అంటే సెకనుకు ఒక ఊపుకు, పైనున్న ఊరి చప్పుడు.

ప్లాటు స్థాయిలో 4.5 హెర్ట్జ్ జియోఫోన్లు 24, రెండేసి మీటర్ల ఎడంతో పెడితే 46 మీటర్ల వరస వస్తుంది. నమ్మదగ్గ అతి పొడుగు అల దాదాపు అంతే. నేల ఉపరితలం వెంబడి సాగే రేలీ అల తన పొడవులో మూడో వంతు నుంచి సగం లోతు వరకు సమాచారం ఇస్తుంది కాబట్టి 15 నుంచి 23 మీటర్లు. అంతకు మించి లోతు చూపించే బొమ్మ ఎవరైనా ఇస్తే ఆ కింది భాగాన్ని నమ్మకండి, అక్కడ ఉన్నది సాఫ్ట్‌వేర్ ఊహే. పైమట్టి తీసి జానెడు లోతులో జియోఫోన్‌ను నిటారుగా గుచ్చాలి. మొరం మరీ గట్టిగా ఉంటే నీళ్లు పోసి నాననివ్వాలి. బండ మీదైతే ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ ముద్దలో కూర్చోబెట్టాలి. వదులుగా ఉన్న జియోఫోన్ నేలను కాదు, గాలిని రికార్డు చేస్తుంది.

సెకనుకు 500 శాంపిళ్లతో రెండు గంటల రికార్డు తీసి 30 సెకన్ల ముక్కలుగా కోస్తే 240 ముక్కలు. ప్రతి ముక్కలో సగటునూ వాలునూ తీసేసి, 3–40 హెర్ట్జ్ మధ్య ఊపులనే ఉంచే ఫిల్టర్ వేసి, వన్‌బిట్ చేసి, అంటే శాంపిల్ పరిమాణాన్ని వదిలి గుర్తు మాత్రమే ఉంచి, స్పెక్ట్రమ్‌ను చదును చేసి, అంటే అన్ని ఫ్రీక్వెన్సీల బలాన్నీ సమం చేసి, అప్పుడు కోరిలేట్ చేసి కూడాలి. వన్‌బిట్ ఎందుకంటే, జియోఫోన్ పక్కనుంచి పోయిన ఒక్క ట్రాక్టర్ మిగతా ముక్కలన్నిటినీ మింగేయకుండా. సంకేతం స్పష్టత ముక్కల సంఖ్య వర్గమూలంతో పెరుగుతుంది. రెట్టింపు స్పష్టత కావాలంటే నాలుగు రెట్ల సమయం కూర్చోవాలి.

అసలు చిక్కు చప్పుడు ఎటునుంచి వస్తోందన్నదే. లెక్క చూడండి. జియోఫోన్ల మధ్య 30 మీటర్లు, మొరంలో వేగం సెకనుకు 300 మీటర్లు. వరస వెంబడే వచ్చే అలకు 0.1 సెకను పడుతుంది. 60 డిగ్రీలు పక్కకు జరిగి వస్తే 0.05 సెకనే. లెక్కలో వేగం 600 అయిపోయి, మొరం కాస్తా చివికిన రాయిగా కనబడుతుంది. అందుకే వరసను రోడ్డుకు సమాంతరంగా వేయకూడదు, రోడ్డు వైపు చూసేలా వేయాలి. స్థలం ఉంటే ఎల్ ఆకారంలోనో త్రిభుజంగానో పరిచి, అల వచ్చే దిక్కును కూడా లెక్కగట్టడం నాకు మరింత ఇష్టం.

రెండో శత్రువు నీళ్ల మోటరు. తెల్లవారుజామున ట్రాఫిక్ లేదు కదా అని రికార్డు మొదలుపెడితే, సరిగ్గా అప్పుడే ఓవర్‌హెడ్ ట్యాంకులు నింపడం మొదలవుతుంది. రెండు పోల్‌ల మోటరు నిమిషానికి 2,880 చుట్లు, అంటే 48 హెర్ట్జ్. దాన్ని ఫిల్టరే ఆపుతుంది. నాలుగు పోల్‌లది 1,440, అంటే 24 హెర్ట్జ్, మనకు కావలసిన చోటే. కోరిలేషన్‌లో అది వచ్చి పోయే అలలా ఉండదు. సున్నాకు రెండువైపులా 42 మిల్లీసెకన్లకొక శిఖరం చొప్పున, తగ్గకుండా, దువ్వెన పళ్లలా సాగిపోతుంది. వన్‌బిట్ దీన్ని తగ్గించదు. ఆ ముక్కలు తీసేయాలి, లేదా 24 దగ్గర సన్నటి నాచ్, అంటే ఆ ఒక్క ఫ్రీక్వెన్సీనే కోసేసే ఫిల్టర్, వేయాలి.

గడియారం తప్పును మాత్రం తేలిగ్గా పట్టుకోవచ్చు. కోరిలేషన్‌లో అటూ ఇటూ రెండు శిఖరాలుంటాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయితే చప్పుడు ఒకవైపు ఎక్కువని అర్థం, కంగారు లేదు. కానీ ఒకటి +0.11 సెకను దగ్గర, ఇంకొకటి −0.09 దగ్గర ఉంటే ముందు అనుమానించాల్సింది గడియారాన్ని. ఏదో ఒక రికార్డర్‌కు జీపీఎస్ అందక 0.01 సెకను జరిగి ఉంటుంది.

ఇన్వర్షన్, అంటే వేర్వేరు పొడవుల అలల వేగాల నుంచి ఏ లోతులో ఎంత వేగమో లెక్కగట్టడం, అయ్యాక ఇరుగుపొరుగును అడగండి: "మీ బోరుకు కేసింగ్ ఎన్ని అడుగులు దిగింది?" వదులు మట్టి, మొరం దాటి గట్టి రాయి తగిలేదాకా కేసింగ్ దించుతారు. అడుగుల లెక్కన డబ్బు కట్టారు కాబట్టి ఆ అంకె చాలామందికి గుర్తుంటుంది. 40 అడుగులంటే 12 మీటర్లు. మీ లెక్క 7 మీటర్లకే రాయి చూపిస్తే ముందు దిక్కును మళ్లీ చూడండి, వేగం పెరిగిపోయి ఉంటుంది. 18 చూపిస్తే తప్పని తోసేయకండి. కేసింగ్ ఆగిన చోట రాయి నిలబడగలిగింది గానీ, ఇంకా పగుళ్లతోనే ఉండి ఉండొచ్చు. గ్రానైట్ నేలల్లో బోరుకు నీళ్లు తగిలేది ఎక్కువగా ఆ పగుళ్లలోనే. పగుళ్ల పొర మందం ఈ పద్ధతి చెప్పగలదు. వాటిలో నీళ్లున్నాయో లేదో చెప్పలేదు.