ఎగ్జిబిషన్‌లో స్టాల్‌కి అసలు ఎంతవుతుంది?

స్టాల్ బుక్ చేసేముందు చాలామంది ఆర్గనైజర్‌ని అడిగేది చదరపు మీటరు రేటు ఒక్కటే. అడగాల్సింది ఇంకొకటి ఉంది: ఎగ్జిబిటర్ మాన్యువల్. కరెంటు, ఫోర్క్‌లిఫ్ట్, అదనపు ఫర్నిచర్, డిపాజిట్, ఏ తేదీలోగా ఏ ఫారం పంపాలి అన్నవన్నీ అందులోనే ఉంటాయి. ఈసారిది రాకపోతే పోయినసారిదైనా తెప్పించుకోండి. అది చేతిలో లేకుండా వేసిన అంచనా గాల్లో లెక్కే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. విజయవాడ ఆటోనగర్‌లో కారం, పసుపు పట్టే పల్వరైజర్లు తయారుచేసే చిన్న యూనిట్. హైదరాబాద్ హైటెక్స్ ఎగ్జిబిషన్ కేంద్రంలో మూడు రోజుల ప్రదర్శనకు 7.5 హెచ్.పి. మెషిన్ ఒకటి తీసుకెళ్లాలి. కింద వాడిన రేట్లు లెక్క చూపించడానికి వేసుకున్నవి మాత్రమే. మీ కొటేషన్‌లోని అంకెలు వాటి స్థానంలో పెట్టుకోండి.

ముందు స్థలం. షెల్ స్కీమ్ అంటే గోడలు, కార్పెట్, పేరు పట్టీ, ఒక టేబుల్, రెండు కుర్చీలు, కొన్ని లైట్లు, ఒక ప్లగ్ పాయింట్‌తో కట్టి ఇచ్చే స్టాల్; మామూలుగా 3 x 3, అంటే 9 చదరపు మీటర్లు. బేర్ స్పేస్ అంటే ఉత్త నేల. తొలిసారి వెళ్లేవారు షెల్ స్కీమే తీసుకోవాలని నా అభిప్రాయం, మెషిన్ నడిపి చూపించాల్సిన అవసరం లేకపోతే. నడపాలంటే షెడ్డులో సుద్దముక్కతో 3 x 3 గీసి, మెషిన్ పెట్టి, చుట్టూ మీటరు వదిలి, ఇద్దరు మనుషుల్ని, ఒక టేబుల్‌ని నిలబెట్టి చూడండి. వచ్చినవాళ్లు నిలబడటానికి చోటు మిగలదు. అందుకే మన ఉదాహరణలో 18 చదరపు మీటర్ల బేర్ స్పేస్ వేసుకుందాం: అద్దె చదరపు మీటరుకు 10,000 చొప్పున 1,80,000, రెండు వైపులా తెరిచి ఉండే కార్నర్‌కు 10 శాతం అదనం, మొత్తం 1,98,000. డబ్బు కట్టేముందు ఫ్లోర్ ప్లాన్‌లో మీ స్థలంలో స్తంభం ఉందేమో చూసుకోండి.

బేర్ స్పేస్ తీసుకుంటే ఫ్యాబ్రికేషన్, అంటే స్టాల్ కట్టించే పని, మీ నెత్తిన పడుతుంది. చదరపు మీటరుకు 9,000 అనుకుంటే 1,62,000. ఫ్యాబ్రికేటర్ కొటేషన్‌లో కార్పెట్, లైట్లు, ప్రింటింగ్, ఊడదీసి చెత్త తీసుకెళ్లడం, హాలు యాజమాన్యానికి కట్టే రిఫండబుల్ డిపాజిట్ ఎవరి ఖాతాలో ఉన్నాయో ఒక్కొక్కటీ రాయించుకోండి. షెల్ స్కీమ్ తీసుకున్నవాళ్లకి ఇంకో చిక్కు: ప్యానెల్ మీటరు వెడల్పు ఉన్నా అంచుల ఫ్రేము పోను కనిపించేది సుమారు 95 సెంటీమీటర్లే. మీటరు లెక్కన ఫ్లెక్స్ కొట్టిస్తే ఫోన్ నంబరు చివరి అంకె ఫ్రేము వెనక్కి పోతుంది. పైగా ఆ ప్యానెళ్లకు మేకులు కొట్టనివ్వరు, పాడైతే డబ్బు వసూలు చేస్తారు.

కరెంటు దగ్గరే ఎక్కువ అంచనాలు తప్పుతాయి. 7.5 హెచ్.పి. అంటే 5.6 కిలోవాట్లు అని అంతే రాసిస్తారు. అది మోటార్ షాఫ్ట్ దగ్గర ఇచ్చే శక్తి. సామర్థ్యం 88 శాతం అనుకుంటే లైన్ నుంచి లాగేది 6.4 కిలోవాట్లు. 50 వాట్ల స్పాట్‌లైట్లు 12, ఒక టీవీ కలిపితే 7.15. కాబట్టి 8 కిలోవాట్ల త్రీ ఫేజ్ కనెక్షన్ అడగాలి. నేరుగా ఆన్ చేసే స్టార్టర్ అయితే మొదలయ్యే క్షణంలో కరెంటు మామూలుకంటే ఆరేడు రెట్లు లాగి ఎంసీబీ (లోడు మించితే కరెంటు ఆపేసే స్విచ్) ట్రిప్ కావచ్చు. పక్క స్టాళ్లవాళ్లు కూడా చీకట్లో కూర్చోవాల్సి రావచ్చు. మొదట్లో లాగే కరెంటును తగ్గించే స్టార్ డెల్టా స్టార్టర్ గానీ, మోటార్ వేగాన్ని మెల్లగా పెంచే వీఎఫ్‌డీ గానీ పెట్టుకుని, ఆ విషయం ఫారంలో రాయండి. కిలోవాట్‌కు 4,000 అనుకుంటే 32,000. గడువు దాటితే సర్‌చార్జి పడుతుంది. స్టాల్ కట్టే రోజుల్లో వాడే కరెంటుకు చాలాచోట్ల వేరే చార్జీ. కారం పట్టి చూపించాలనుకుంటే ముందే రాతపూర్వకంగా అనుమతి అడగండి. ఏసీ హాల్లో కారం ఘాటు లేస్తే మొదటి గంటలోనే ఆపేయిస్తారు.

రవాణా రానుపోను 36,000, దించి ఎక్కించడానికి 12,000 వేద్దాం. హాలు లోపల ఫోర్క్‌లిఫ్ట్ ఆర్గనైజర్ పెట్టిన ఏజెన్సీదే వాడాలి, కనీస చార్జీ ఉంటుంది. బయటి హమాలీలను లోపలికి రానివ్వరు. సరుకు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ పోర్టల్‌లో తీసుకునే పత్రం) తప్పనిసరి. ప్రదర్శనకే తప్ప అమ్మకానికి కాదని సరుకుతో పంపే డెలివరీ చలానాలో రాయాలి. విజయవాడ నుంచి హైదరాబాద్ సుమారు 275 కిలోమీటర్లు, 200 కిలోమీటర్లకు ఒక రోజు లెక్కన బిల్లు గడువు రెండు రోజులు. తిరుగు ప్రయాణానికి మళ్లీ కొత్త బిల్లు. స్టాల్‌లోనే మెషిన్ అమ్మి చేతికిచ్చేయాలనుకుంటే తెలంగాణలో క్యాజువల్ టాక్సబుల్ పర్సన్‌గా, అంటే అక్కడ తాత్కాలికంగా వ్యాపారం చేసేవారిగా, కనీసం 5 రోజుల ముందు రిజిస్ట్రేషన్‌కు పెట్టుకుని, అంచనా పన్ను ముందే కట్టాలి. ఆర్డరు మాత్రమే తీసుకుని విజయవాడ నుంచి బిల్లు చేసి పంపడం చిన్న యూనిట్‌కు తేలిక.

నలుగురు మనుషులు, ఐదు రోజులు: భోజనాలు రోజుకు 800 చొప్పున 16,000. రెండు గదులు, నాలుగు రాత్రులు, 3,500 చొప్పున 28,000. ప్రయాణాలకు 20,000. బ్రోచర్లు, డెమో సరుకు, ఇన్సూరెన్స్‌కు 30,000. ఇన్సూరెన్స్ మర్చిపోవద్దు, ఫ్యాక్టరీ చిరునామాకు తీసుకున్న ఫైర్ పాలసీ హైటెక్స్ హాల్లో ఉన్న మెషిన్‌కు పనికిరాదు.

అంతా కూడితే 5,34,000. పది శాతం చిల్లర ఖర్చులకు కలిపితే 5,87,400. స్థలం అద్దెకు దాదాపు మూడింతలు. అద్దెను మూడుతో గుణించడం మొదటి చూపుకు సరిపోతుంది గానీ బరువైన మెషిన్లు ఉంటే దాటిపోతుంది, షెల్ స్కీమ్‌లో చిన్న సరుకు పెడితే తగ్గుతుంది.

ఇందులో జీఎస్టీ కలపలేదు. అద్దె, ఫ్యాబ్రికేషన్, కరెంటు మీద 18 శాతం లెక్కన 70,560 చేతి నుంచి ముందు పోతుంది. ఆ పన్నును మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకునే క్రెడిట్ వచ్చేది, బిల్లు ఇచ్చినవాళ్లు రిటర్న్ వేసి, పోర్టల్‌లో మీ క్రెడిట్ వివరాలు చూపే జీఎస్టీఆర్-2బీలో కనిపించాకే. ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్‌తో హైదరాబాద్ హోటల్ బిల్లు మీద క్రెడిట్ రాదు, ఉచితంగా పంచే శాంపిళ్లకూ రాదు. ఎం.ఎస్.ఎం.ఈ. (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) శాఖ పథకాల్లో స్టాల్ అద్దె కొంత తిరిగిస్తారు, కానీ ముందుగా దరఖాస్తు చేసి ఉండాలి, డబ్బు తర్వాత వస్తుంది. దాన్ని అంచనాలో తగ్గించి చూపించుకోకండి.

ఇక వెళ్లాలా వద్దా తేల్చేది ఈ లెక్క. రోజుకు 8 గంటలు, మూడు రోజులకు 24 గంటలు. అంటే గంటకు సుమారు 24,500. ఇద్దరు మాట్లాడేవాళ్లు గంటకు ఐదుగురి చొప్పున కలిసినా 240 మంది. అందులో నిజంగా కొనే ఆలోచన ఉన్నవాళ్లు 40 మంది అనుకుంటే ఒక్కొక్క ఎంక్వైరీకి 14,700 దాకా పడుతుంది. మెషిన్ మీద మిగిలేది 60,000 అయితే ఖర్చు రాబట్టడానికే 10 ఆర్డర్లు, అంటే ఆ నలభైలో నలుగురికి ఒకరు కొనాలి. మీ అమ్మకాల అనుభవంలో ఆ నిష్పత్తి సాధ్యం కాదనిపిస్తే పెద్ద స్టాల్ వద్దు. 9 చదరపు మీటర్లలో మెషిన్ ఆపి ఉంచి, నడిచే వీడియో చూపిస్తూ ఖర్చు సగానికి తేవచ్చు.

చివరి రోజు సాయంత్రం హాలు ఖాళీ చేసే గడువు కొద్ది గంటలే ఉంటుంది, లారీ గేటు దగ్గర క్యూలో ఆగుతుంది. తిరుగు లారీకి వెయిటింగ్ చార్జీ ముందే మాట్లాడుకోండి. నేల ఊడ్చి, టేపు మరకలు తీసి, ఖాళీ స్థలం ఫోటో తీసి హాలు ఇంజనీరు సంతకం తీసుకున్నాకే కదలండి. డిపాజిట్ రావాలంటే ఆ కాగితమే అడుగుతారు.