మేరీ టౌన్లీ లూప్: గుర్రం కంటే గేట్లతోనే తిప్పలు

మేరీ టౌన్లీ లూప్ మీద గుర్రం పెట్టే తిప్పలు తక్కువ, గేట్లు పెట్టేవే ఎక్కువ. ఇంగ్లండ్‌లో లాంకషైర్, వెస్ట్ యార్క్‌షైర్ సరిహద్దు కొండల మీదుగా 76 కిలోమీటర్లు చుట్టి మళ్ళీ మొదటికే చేర్చే దారి ఇది, పెనైన్ బ్రైడిల్‌వే అనే పొడవాటి గుర్రపుదారిలో ఒక ముక్క. గుర్రాల దారులు ఎంత అధ్వాన్నంగా ఉన్నాయో చూపించడానికి 1986లో లేడీ మేరీ టౌన్లీ నార్తంబర్లండ్ నుంచి డెర్బీషైర్ దాకా 250 మైళ్ళు స్వారీ చేశారు. ఆవిడ 2001లో పోయారు, మరుసటేడు లూప్ తెరిచారు.

గుర్రాన్ని అద్దెకిచ్చేచోట ముందు అడిగేది బరువు, అదీ స్టోన్లలో. స్టోన్ అంటే 6.35 కిలోలు. ఎనభై కిలోల మనిషి పన్నెండున్నర దాటేస్తాడు, చాలాచోట్ల 12, 13 దగ్గరే తలుపు మూసేస్తారు. కోపం తెచ్చుకోనక్కర్లేదు. జీనుతో సహా మోత గుర్రం బరువులో ఐదోవంతు మించకూడదని లెక్క. 450 కిలోల గుర్రానికి 90 కిలోలు. అందులో జీను, సంచులు కలిపి పది పదిహేను కిలోలు పోతే మనకు మిగిలేది ఎంతో చూసుకోండి. బరువు తగ్గించి చెప్తే రెండో రోజుకి గుర్రం వీపే నిజం చెప్తుంది.

సమిట్ ఊరి దగ్గర ఎక్కి, వాటర్‌గ్రోవ్ చెరువు దాటి పడమటికి వెళ్ళడం నాకు నచ్చింది. ఎందుకంటే రూలీ మూర్ రోడ్డు ఎక్కడానికి వస్తుంది, దిగడానికి కాదు. అమెరికా అంతర్యుద్ధంతో అక్కణ్ణుంచి పత్తి రావడం ఆగిపోయి మిల్లులు మూతపడ్డప్పుడు, 1860లలో, పని పోయిన మిల్లు కూలీలతో రాతిబిళ్ళలు పరిపించిన రోడ్డు అది. ఆ రోజుల్లో మన దేశం నుంచి వెళ్ళిన పొట్టి పీచు పత్తిని అక్కడ సూరత్ అనేవారు, దారం ఊరికే తెగుతోందని తిట్టుకునేవారు. రోడ్డు మీది ఆ రాతిబిళ్ళలు తడిస్తే ఇనుప లాడం సబ్బు మీద పెట్టినట్టు జారుతుంది. ఎక్కేటప్పుడైతే గుర్రం ముందుకు వంగి గిట్ట కొన గుచ్చి పట్టు దొరకబుచ్చుకుంటుంది. దిగేటప్పుడు ఆ పట్టు ఉండదు, అంచున గడ్డి ఉంటే దానిమీద నడిపించాలి. 474 మీటర్ల టాప్ ఆఫ్ లీచ్ కొండ దగ్గరికి చేరేసరికి చెట్టన్నది కనపడదు, గాలి ఒక్కటే.

ఇక గేట్లు. గొర్రెలు దాటిపోకుండా కంచె కంచెకీ ఒకటి. బ్రైడిల్‌వే మీద గేటు కనీసం ఐదడుగుల వెడల్పుండాలని చట్టం, అంటే గుర్రం పట్టాక మన మోకాళ్ళకు మిగిలేది జానెడు. దిగకుండా తీయాలంటే పద్ధతుంది. గుర్రాన్ని గేటుకు సమాంతరంగా, తల గేటు బందులవైపు ఉండేలా, గడియ మన చేతికి అందేచోట నిలబెట్టాలి. పగ్గాలు రెండూ గేటుకు దూరంగా ఉన్న చేతిలోకి తీసుకోవాలి, వదులుగా వేలాడితే గడియ పిడికి తగులుకుంటాయి. గడియ లాగి, గేటును అవతలికి తోసి, దాని కొస చుట్టూ గుర్రాన్ని తిప్పుతూ దాటాలి. చెయ్యి మాత్రం గేటు మీంచి తీయకూడదు. స్ప్రింగు గేటు వదిలేస్తే వెనక్కొచ్చి డొక్కలో కొడుతుంది. ఒకసారి తగిలిందంటే ఆ గుర్రం తర్వాతి గేటు చూడగానే బిగుసుకుపోతుంది, మిగతా రోజంతా మనకు అదే పని. గేటు మనవైపే తెరుచుకుంటే ఇంకా కష్టం, గుర్రం వెనక్కి రెండడుగులు వెయ్యడం తెలిసుండాలి. జట్టుగా వెళ్తే, గేటు వేసేవాళ్ళు వచ్చేదాకా ముందువాళ్ళు కదలకూడదు. తోటి గుర్రాలు వెళ్ళిపోతుంటే గేటు దగ్గరిది నిలవదు.

దిగక తప్పదనుకోండి, మళ్ళీ ఎక్కాలి. ఎక్కుడు రాయి అన్నిచోట్లా దొరకదు. వాలులో గుర్రాన్ని కిందివైపు నిలబెట్టి మీదివైపు నుంచి ఎక్కితే అడుగు ఎత్తు కలిసొస్తుంది. ముందు జీను పొట్టపట్టీ బిగించాలి, గంట నడిచాక అది ఎప్పుడూ వదులయ్యే ఉంటుంది.

దారి గుర్తు నీలం బాణం, దానిమీద ఓక్ కాయ బొమ్మ. పసుపు బాణం నడిచేవాళ్ళది, గుర్రంతో అటు పోకూడదు. సైకిళ్ళు వస్తాయి, గుర్రానికి దారి వాళ్ళే ఇవ్వాలి. ఎదురొచ్చిన ఒకాయన దూరంగానే ఆగి "హలో" అన్నాడు. మర్యాదకే కాదది, మాట వినిపిస్తే అది మనిషని గుర్రానికి అర్థమవుతుంది.

వాటర్‌ఫుట్, లంబ్, క్లివిజర్ ఊళ్ళు త్వరగానే గడిచిపోతాయి. హర్స్ట్‌వుడ్ దాటి గోర్పుల్, విడప్ చెరువుల మీదికి వెళ్ళే మూర్‌లో, అంటే చెట్లు లేని కొండబీడులో, మాత్రం జాగ్రత్త. దూదిపింజల్లా తెల్లటి కుచ్చులతో కాటన్ గ్రాస్ అనే గడ్డి కనిపించిందంటే కింద పీట్ ఊబి, అంటే కుళ్ళిన మొక్కల తడిమట్టి. మనిషి చీలమండ దాకా దిగేచోట గుర్రం మోకాలి దాకా దిగుతుంది. అడ్డదారి ఆలోచనే వద్దు. పూర్వం సరుకు గుర్రాలు బారులుగా నడిచిన దారులివి, అందుకే పాత వంతెనలకు పిట్టగోడలు పొట్టిగా ఉంటాయి, మూటలు తగలకుండా. పాడేరు ఏజెన్సీలో గుర్రాల మీద సంతకు సరుకు మోసేవాళ్ళకి ఈ లెక్క చెప్పనక్కర్లేదు.

బ్లాక్‌షా హెడ్ నుంచి కాల్డర్ లోయలోకి దిగడమే ఈ దిక్కున వెళ్తే తగిలే నష్టం: నిటారు సందులు, రాతి బిళ్ళలు. దిగి నడిపించడం ఉత్తమం. మళ్ళీ ఎక్కితే 37 మీటర్ల స్టూడ్లీ పైక్ స్తంభం కింద నుంచి మాంకిన్‌హోల్స్, అక్కణ్ణుంచి సమిట్.

రాత్రి బసకు రెండు బిల్లులు, మనిషికొకటి, గుర్రానికొకటి. ఎండుగడ్డి అందులో కలిసిందా లేదా అని ఫోనులోనే అడగండి. నాకైతే పొద్దున బయల్దేరేటప్పుడు విడిగా కట్టమన్నారు, గడ్డి రేటు చూస్తే నా టిఫినే చవక.