బోర్డు మీది పేరు

బెంగళూరు, శుక్రవారం రాత్రి

ఈ ఉదయం షట్టర్ ఎత్తి, అమ్మవారి పటం ముందు దీపం వెలిగిస్తున్న వేళ ఫోనుకు మెయిల్ వచ్చింది. గూగుల్ మ్యాప్‌లో నిలిపివేసిన మా దుకాణం ప్రొఫైల్‌ను పునరుద్ధరించామన్నది అందులోని సారాంశం. పంతొమ్మిది రోజులుగా ఎదురుచూసిన మాట కాబట్టి రెండుసార్లు చదువుకుని, కటింగ్ మాస్టర్ గారి చేత కూడా చదివించాను. ఆయన కత్తెర పక్కన పెట్టి, "దేవుడు చల్లగా చూశాడమ్మా" అన్నారు.

మారతహళ్ళిలో పదకొండేళ్ళుగా జాకెట్లు కుట్టి, మగ్గం పని చేయించి ఇస్తున్నాను. అనంతపురం, కడప, చిత్తూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాలే నాకు ఆధారం. పాత వాళ్ళకు దారి చెప్పనక్కరలేదు. పెళ్ళి కుదిరిన ఇంటివారు మాత్రం ఎక్కువగా మ్యాప్ చూసుకునే కొత్తగా వస్తారు. ఆ పంతొమ్మిది రోజులూ అటువంటి ఫోన్లు దాదాపు రాలేదు.

గత నెలలో రెండు క్రాసుల (అడ్డవీధుల) అవతలికి దుకాణం మార్చి, మ్యాప్‌లో చిరునామా సరిచేసిన మూడో రోజున ప్రొఫైల్ ఆగిపోయింది. నియమాలకు విరుద్ధంగా ఉందన్నారే తప్ప ఏ నియమమో విడమరచి చెప్పలేదు. నియమాలను నిదానంగా చదివిన తరువాత నా పొరపాటు నాకే కనబడింది. బోర్డు మీద మా పేరు రెండే మాటలు. రెండేళ్ళ క్రితం ఎవరో సలహా ఇస్తే, వెతికేవారికి ముందుగా కనబడాలని ఆ పేరు పక్కన మగ్గం వర్క్, పెళ్ళి బ్లౌజులు, మారతహళ్ళి అంటూ ఇంకో ఆరు మాటలు చేర్చాను. అవన్నీ నిజమే అయినా పేరు కాదు. బోర్డు మీద, కాగితాల మీద ఎలా ఉందో ప్రొఫైల్‌లోనూ అలాగే ఉండాలన్నది నియమం. ప్రొఫైల్‌ను తిరిగి తెరవమని అప్పీలు పంపడానికి ముందే ఆ ఆరు మాటలూ తీసివేశాను.

పక్క మొబైల్ దుకాణం అబ్బాయి, కొత్త ప్రొఫైల్ ఒకటి తెరిస్తే పది నిమిషాల్లో పని అయిపోతుంది కదా అక్కా అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఒకే దుకాణానికి రెండో ప్రొఫైల్ తెరిస్తే అదీ నియమోల్లంఘనే అవుతుంది. పైగా ఇన్నేళ్ళ రివ్యూలు పాతదానితోనే ఉండిపోతాయి. వాటిని పోగొట్టుకోవడానికి నాకు మనసు రాలేదు.

అసలు శ్రమంతా అప్పీలుకు ఆధారంగా చూపవలసిన కాగితాల దగ్గర పడ్డాను. కరెంటు బిల్లు బెస్కాం వారిది, కాని అది ఇంటి యజమాని పేరు మీద ఉంది. షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ సర్టిఫికెట్‌లో నా పేరు, దుకాణం పేరు రెండూ ఉన్నాయి, చిరునామా మాత్రం పాత క్రాసుది. అవి అలాగే పంపితే ఒక కాగితం ఇంకొకదానికి ఎదురు సాక్ష్యం చెప్పినట్లవుతుందని భయం వేసింది. అందువల్ల ముందుగా, చిన్న వ్యాపారాల నమోదు కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో కొత్త చిరునామా నమోదు చేశాను. 2020 జులై నుంచి నడుస్తున్న ఆ పోర్టల్‌లో ప్రభుత్వం రుసుమేమీ తీసుకోదు. ఇంటర్నెట్ బిల్లు దుకాణం పేరు మీదే కొత్త చిరునామాకు వచ్చేదాకా ఆగాను. తలుపు సంఖ్య, క్రాసు సంఖ్య అన్నింటిలో ఒకే తీరున ఉన్నాయో లేదో వేలితో చూపుకుంటూ సరిచూశాను.

బోర్డు ఫోటో కూడా జతచేశాను. బోర్డులో 60 శాతం కన్నడం ఉండాలని 2024లో చట్ట సవరణ వచ్చినందున, కొత్త బోర్డులో పేరు పైన పెద్దగా కన్నడంలో, కింద ఇంగ్లీషులో, చివర చిన్నగా తెలుగులో రాయించాము. మూడు లిపుల్లోనూ అవే రెండు మాటలు.

అప్పీలు పంపాక ఆధారాలు జతచేయడానికి 60 నిమిషాలే గడువు ఇస్తారు. ఆ సంగతి ముందే తెలియడం నా అదృష్టం. ఫైళ్ళన్నీ సిద్ధంగా పెట్టుకుని, కొలతలకు వచ్చినవారిని కాసేపు కూర్చోమని బతిమాలుకుని, పావుగంటలో పూర్తిచేశాను. అప్పటికి బిల్లుల కోసం పరుగెత్తేవారికి ఆ గంట చాలదు.

ఈ రోజు మధ్యాహ్నం భోజనం చేస్తూ రివ్యూలన్నీ తెరిచి చూసుకున్నాను. నాలుగేళ్ళ క్రితం ఒక తల్లి పెట్టిన ఫోటో అక్కడే ఉంది: చిలకపచ్చ పట్టు జాకెట్టు, వీపు మీద జర్దోసితో అల్లిన మామిడి పిందెలు, ఎడమ చేతి అంచున ఒక్క పూస వరుస తప్పి ఉండడం కూడా స్పష్టంగా కనబడుతుంది. ముహూర్తానికి ముందు రోజు రాత్రి పదకొండింటికి ఆ జాకెట్టు ఇచ్చాము. ఆమె ఆ పూసను గమనించే ఉంటుంది, అయినా మంచి మాటలే రాసింది.

సాయంత్రం మ్యాప్‌లోని పిన్నును వీధి మధ్య నుంచి మా మెట్ల దగ్గరకు జరిపాను. పాత దుకాణం షట్టర్ మీద అంటించిన దారి కాగితం వానకు చెమ్మగిల్లి చిరిగిందని మాస్టర్ గారు చెప్పారు. రేపు కన్నడంలోనూ తెలుగులోనూ కొత్తది రాసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, అక్కడే మళ్ళీ అంటించి రావాలి.