స్కూల్ సైకాలజిస్ట్ కావాలనుకుంటే పీహెచ్‌డీలో చేరే ముందు చూసుకోవాల్సింది

ఎంఏ సైకాలజీ అయిపోయి, మా విశాఖపట్నంలో మద్దిలపాలెం చుట్టుపక్కల హాస్టళ్ళలో ఉంటూ నెట్‌కి చదువుకుంటున్న పిల్లలు ఈ మధ్య నన్ను తరచూ ఒకటే అడుగుతున్నారు. "అక్కా, స్కూల్ సైకాలజిస్ట్ అవ్వాలంటే పీహెచ్‌డీ చెయ్యాల్సిందేనా?" నేను స్కూల్లో కౌన్సెలర్‌గా పనిచేస్తూ పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేస్తున్నా కాబట్టి నా దగ్గరికి వస్తారు. చెయ్యండి, మంచిదే. కాకపోతే ఆ డిగ్రీ మీకు ఏం నేర్పుతుందో, ఏం నేర్పదో ముందే తెలుసుకుని చేరండి.

మన దగ్గర పీహెచ్‌డీకి యూజీసీ 2022 నిబంధనలు ఉన్నాయి. కనీసం 3 ఏళ్ళు, మామూలుగా 6 ఏళ్ళ లోపు పూర్తి చెయ్యాలి. కనీసం 12 క్రెడిట్ల కోర్స్‌వర్క్, ప్రతి సెమిస్టర్‌కీ సలహా కమిటీ ముందు ప్రోగ్రెస్, చివరికి థీసిస్, వైవా. ఫిజిక్స్ వాళ్ళకీ, తెలుగు వాళ్ళకీ, మనకీ ఇవే రూల్స్. అందుకే ఒక పిల్లాడి ఎదురుగా ఎన్ని గంటలు కూర్చోవాలి, పక్కన అనుభవం ఉన్నవాళ్ళు ఎవరు ఉండాలి అన్న మాట అందులో ఎక్కడా ఉండదు. మా ఊళ్ళో సైకాలజీ పరిశోధనకి పెద్ద చరిత్రే ఉంది. సైకాలజిస్ట్ కోనేరు రామకృష్ణారావు గారి లాంటి వాళ్ళు ఆంధ్రా యూనివర్సిటీలో పనిచేశారు. పరిశోధన ఎలా చెయ్యాలో నేర్చుకోవడానికి పీహెచ్‌డీ గట్టి దారి, అందులో నాకు అనుమానమే లేదు. స్కూల్లో పిల్లలకి చదువులో ఎక్కడ, ఎందుకు ఇబ్బంది వస్తోందో పరీక్షలు పెట్టి అంచనా వెయ్యడం మాత్రం వేరే చదువు, దాన్ని విడిగా నేర్చుకోవాలి.

అమెరికాలో ఈ ఉద్యోగానికి వందేళ్ళు దాటాయి. 1896లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో సైకాలజిస్ట్ లైట్నర్ విట్మర్ దగ్గరికి ఒక టీచరమ్మ స్పెల్లింగ్ ఎంతకీ రాని కుర్రాణ్ణి తీసుకొచ్చింది. ఆయన క్లినిక్ అలా మొదలైంది. 1915లో కనెక్టికట్‌లో ఆర్నాల్డ్ గెసెల్‌ని స్కూల్ సైకాలజిస్ట్ అన్న హోదాతోనే తీసుకున్నారు. ఇప్పుడు అక్కడి స్కూల్ సైకాలజిస్టుల జాతీయ సంఘం ప్రమాణాల ప్రకారం డాక్టరేట్ అంటే కనీసం 4 ఏళ్ళ చదువు, 90 క్రెడిట్లు, అందులో భాగంగానే 1500 గంటల ఇంటర్న్‌షిప్, ఆ ఇంటర్న్‌షిప్‌లో కనీసం 600 గంటలు స్కూల్లోనే. డాక్టరేట్ కంటే ఒక మెట్టు కింద ఉండే స్పెషలిస్ట్ డిగ్రీకి 60 క్రెడిట్లు, 1200 గంటలు. చాలా రాష్ట్రాల్లో స్కూల్లో పనిచెయ్యడానికి ఆ స్పెషలిస్ట్ డిగ్రీ చాలు, డాక్టరేట్ తప్పనిసరి కాదు. ఇంకో సంగతి, 500 మంది పిల్లలకి ఒక సైకాలజిస్ట్ ఉండాలని ఆ సంఘం చెప్తుంది. మన దగ్గర ఆ లెక్క వేసుకుంటే గుండె బరువెక్కుతుంది.

ఆ 1500 గంటల్లో ఏముంటుందని అడిగితే నేను చూసిన ఒక మధ్యాహ్నం గురించి చెప్తాను. గాజువాక వైపు ఒక స్కూల్లో మూడో తరగతి పిల్లాడికి మా సీనియర్ మేడమ్ తెలివితేటల పరీక్ష పెడుతున్నారు, నేను పక్కన కూర్చుని చూస్తున్నా. మొదట్లో టకటకా చెప్పినవాడు అంకెలు విని తిరిగి చెప్పే భాగానికి వచ్చేసరికి నీరసపడిపోయాడు. నాలుగు అంకెల దగ్గరే ఆగిపోతున్నాడు, చూపు మాటిమాటికీ తలుపు మీదికి పోతోంది. మేడమ్ ఆ భాగం వరకు పూర్తి చేయించి, కిట్ మూసేసి, "ఏం నాన్నా, ఆకలేస్తోందా?" అని అడిగారు. పొద్దున ఏమీ తినకుండా వచ్చాడంట. వరండాలో మధ్యాహ్న భోజనం గిన్నెల చప్పుడు మొదలైంది, వాడి ధ్యాసంతా అక్కడే. తినేసి వచ్చి మిగతా భాగాలు హాయిగా చేశాడు. తర్వాత రిపోర్టులో ఆ అంకెల స్కోరు పక్కన మేడమ్ ఈ సంగతంతా రాశారు. స్కోర్ ఎలా వెయ్యాలో మాన్యువల్ చెప్తుంది. ఆ పిల్లాడు తలుపు వైపు ఎందుకు చూస్తున్నాడో మాత్రం మేడమ్ లాంటి అనుభవం ఉన్న మనిషి పక్కన కూర్చుంటేనే తెలుస్తుంది.

మన ఊళ్ళో ఇంకా చిక్కు ఉంది. స్టీల్ ప్లాంట్, పోర్టు, నేవీ ఉన్న ఊరు కదా, ఒకే క్లాసులో ఇంట్లో తెలుగు, ఒడియా, హిందీ మాట్లాడే పిల్లలు కలిసి ఉంటారు. పాడేరు వైపు నుంచి వచ్చిన పిల్లల ఇంటి భాష ఇంకొకటి కావచ్చు. బళ్ళో ఇంగ్లీష్ మీడియం. అలాంటి పిల్లాడు 'పుస్తకం' అన్న మాటని 'పుసకం' అని చదివాడనుకోండి. ఒత్తు పట్టుకోలేకపోతున్నాడా, ఆ మాటే కొత్తా, లేక ఒత్తులు నేర్పే రోజుల్లో వాళ్ళ నాన్న పని మారి బడికే రాలేదా? మూడింటికీ చెయ్యాల్సింది వేరువేరు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో నేర్చుకోవడంలో ఇబ్బందుల్ని కూడా చేర్చారు, ఆ సర్టిఫికెట్ ఉంటే పరీక్షల్లో అదనపు టైమ్ లాంటివి అడగొచ్చు. అది 8 ఏళ్ళు నిండాకే ఇవ్వాలని 2018 మార్గదర్శకాల్లో పెట్టారు. అంటే సరిగ్గా మూడో తరగతి పిల్లలే మన ముందుకి వస్తారు. అక్కడ పొరపాటు పడితే లేని ఇబ్బంది ఉందన్న ముద్ర ఏళ్ళ తరబడి వాడి వెంట ఉంటుంది, లేకపోతే రావాల్సిన సాయం రాకుండా పోతుంది.

పైగా మనం పిల్లల తెలివితేటలు కొలవడానికి వాడే మాలిన్ పరీక్ష 1960ల నాటిది. మన జిల్లా పిల్లలు ఏ వయసుకి ఎంత తెలుగు చదవగలుగుతున్నారో, ఇంటి భాష వేరైతే ఎంత తేడా వస్తుందో లెక్కలు తీసే పని ఇప్పటిదాకా ఎంత జరిగిందో చెప్పలేను. పీహెచ్‌డీ చెయ్యాలనుకునేవాళ్ళు దయచేసి ఈ వైపు రండి. పిల్లల స్ట్రెస్ మీద ఇంకో ప్రశ్నావళి పంచిపెట్టి మార్కులతో పోల్చే థీసిస్‌ల కంటే ఇది వెయ్యి రెట్లు అవసరం అని నా గట్టి నమ్మకం.

ఇంకో మాట. పీహెచ్‌డీ వచ్చినంత మాత్రాన క్లినికల్ సైకాలజిస్ట్‌గా ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ రాదు. దానికి ఆర్‌సీఐ గుర్తించిన ట్రైనింగ్ కోర్సు చేసి ఉండాలి. ఆ కోర్సు ముందు చేసి తర్వాత పీహెచ్‌డీకి వస్తే మంచిది. అది కుదరకపోతే గైడ్‌ని ఎంచుకునేటప్పుడే మొహమాటపడకుండా అడగండి: "మేడమ్, వారానికి ఒక రోజైనా స్కూల్లో పనిచెయ్యనిస్తారా, నేను పరీక్ష పెట్టేటప్పుడు చూసి సరిదిద్దే సైకాలజిస్ట్ ఎవరైనా ఉన్నారా?" జవాబు లేకపోతే ఆ గంటల ఏర్పాటు మీరే చేసుకోవాలి.

ఎథిక్స్ కమిటీ అనుమతి, స్కూల్ పర్మిషన్, తల్లిదండ్రుల సంతకాలు, ఇవన్నీ కదలడానికి నెలలు పడుతుంది. బళ్ళు తెరిచే జూన్ నాటికే కాగితాలు పెట్టుకోండి. సంక్రాంతి దాటితే హెడ్మాస్టర్లకి టెన్త్ పరీక్షల టెన్షన్, పాపం వాళ్ళకీ టైమ్ ఉండదు.