నీ రాగం విన్న బిడ్డా, పద్యం వినలే

మన స్కూలు సంచికకి ఏదైనా రాసి పంపమని గ్రూపులో మెసేజ్ వచ్చినప్పటి నుంచి నాకు ఒకటే గుర్తొస్తోంది. శనివారం ఆఖరి పీరియడ్, తెలుగు సార్, పద్యం. 1989 పదో తరగతి బ్యాచ్ వాళ్లకి ఇంకేం చెప్పక్కర్లేదు, 'తెలుగు సార్' అంటే చాలు. తర్వాతి బ్యాచ్‌ల వాళ్ల కోసం రాస్తున్నాను: సార్ నల్గొండ దిక్కు పల్లెటూరి నుంచి వచ్చారు, చిన్నప్పుడు ఊళ్లో పద్యనాటకాల్లో వేషాలు కట్టారు, స్టాఫ్ రూంలో బీరువా పక్కన ఉండే హార్మోనియం పెట్టె ఆయన సొంతం, చాలామంది అది స్కూలుదే అనుకునేవాళ్లు.

మన స్కూలు ఎక్కడుందో ఒకసారి గుర్తు చేసుకోండి. గేటు దాటి పది నిమిషాలు నడిస్తే ఆర్టీసీ క్రాస్ రోడ్స్, అక్కడ వరసగా సినిమా హాళ్లు. శుక్రవారం కొత్త సినిమా వస్తే సోమవారం ప్రేయర్ బెల్లు కొట్టే లోపల దాని పాటలు బెంచీల మీద దరువులతో సహా వచ్చేసేవి. అలాంటి చోట ఒక మనిషి మనల్ని కూచోబెట్టి ఉత్పలమాల పాడించారు, అదీ పరీక్షలో మార్కుల కోసం కాకుండా.

ఆయన నేర్పిన పద్ధతి నాకు తర్వాత ఇంకెక్కడా కనిపించలేదు. ముందు అసలు పాడనిచ్చేవారు కాదు. చదవమనేవారు, మామూలుగా, ఇంటికెళ్లి అమ్మకి ఏదో చెప్తున్నట్టు. ఉత్పలమాల అంటే పాదానికి 20 అక్షరాలు, భ ర న భ భ ర వ గణాలు, పదో అక్షరం యతి, ఇవన్నీ పుస్తకంలో ఉన్నవే, వేళ్ల మీద లెక్కపెట్టి అప్పజెప్పేవాళ్లం. కానీ మనలో చాలామందికి యతి దగ్గర ఆగే అలవాటు, పాదం అయిపోగానే ఊపిరి తీసుకునే అలవాటు ఉండేవి. ఆ రెండూ మాన్పించడానికి సార్‌కి ఏడాది పట్టింది. సంస్కృతంలో యతి అంటే విరామం, తెలుగులో అది అక్షరాల స్నేహం, పాదం మొదటి అక్షరానికి ఆ అక్షరం చుట్టం, చుట్టం ఎదురైన ప్రతిసారీ నడక ఆపేస్తామా అని అడిగేవారు. పాదం చివర కూడా అంతే. తెలుగు పద్యంలో మాట ఒక పాదంలో మొదలై తర్వాతి పాదంలోకి వెళ్లి పూర్తవుతుంది, మధ్యలో ఆగితే అది రెండు ముక్కలైపోతుంది. "అర్థం ఆగిన కాడ నువ్వు ఆగు. ఊపిరి సాలకపోతే ఊపిరి పెంచుకో, మాటను మాత్రం తెంపకు" అనేవారు. ఇది ఆయన నోటి నుంచి ఎన్నిసార్లు విన్నామో!

ఇంకొకటి, పద్యానికి తాళం లేదు. పాటకి ఉంటుంది, పద్యానికి ఉండదు. గురువు ఎంత సేపు నిలవాలో, లఘువు ఎంత త్వరగా వెళ్లిపోవాలో ఆ మాటే చెప్తుంది, పాడేవాళ్లు కోపంలో ఉన్నారా దుఃఖంలో ఉన్నారా అనేదాన్ని బట్టి మారుతుంది. నాటకంలో పద్యం మొదలైతే తబలా ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని కూచుంటాడు, హార్మోనియం ఆయన పాడేవాళ్ల పెదవుల వైపు చూస్తూ వెనకాలే వస్తాడు. సార్ మమ్మల్ని ఒకసారి లలిత కళాతోరణానికి సురభి వాళ్ల నాటకానికి తీసుకెళ్లారు కదా, అక్కడ అందరూ మాయలూ మంటలూ చూస్తుంటే నన్ను పక్కన కూచోబెట్టుకుని హార్మోనియం ఆయన్నే చూడమన్నారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఆ కుటుంబాలు తరతరాలుగా అదే పని చేస్తున్నాయనీ, ఆడవేషాలు మగవాళ్లే కట్టే రోజుల్లోనే వాళ్ల ఆడవాళ్లు స్టేజీ ఎక్కారనీ బస్సులో చెప్పారు. ఆ రోజు కృష్ణుడి వేషం వేసింది ఒక అమ్మాయి. నేను ఇంటికెళ్లి రాత్రంతా నిద్రపోలేదు.

వార్షికోత్సవం సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. నేను తొమ్మిదో తరగతి. నా ముందు రెండు సినిమా పాటలు అయ్యాయి, ఈలలు, చప్పట్లు. తర్వాత నేను కృష్ణుడి పద్యం ఎత్తుకున్నాను, మొదటి పాదం పూర్తి కాకముందే వెనక వరసల నుంచి "పాట, పాట" అని అరుపులు. ఆపకుండా పాడేసి దిగి, స్టేజీ వెనక గోడకి ఆనుకుని ఏడ్చాను. సార్ ఓదారుస్తారనుకున్నాను. ఆయన వచ్చి అడిగింది ఒక్కటే: "మూడో పాదంల ఎందుకు తొందరపడ్డవ్ బిడ్డా?" అప్పుడు చాలా బాధపడ్డాను. అరిచినవాళ్ల గురించి ఆయన ఒక్క మాట కూడా అనలేదు, తప్పు నా పాటలో ఎక్కడుందో అదే చూశారు. నన్ను పాడేదానిగా ఆయన ఎంత సీరియస్‌గా తీసుకున్నారో ఎన్నో ఏళ్లకి గానీ అర్థం కాలేదు.

ఇంటర్‌లో ఉండగా ఒక ఆర్కెస్ట్రాలో చేరాను. నాన్న ఆజామాబాద్‌లో పనిచేసే ఫ్యాక్టరీ మూతపడింది, ఇంట్లో డబ్బు అవసరం, అది ఒక కారణం. అసలు కారణం, ఆ ఈలలు నాకూ కావాలనిపించింది. వినాయక చవితి వచ్చిందంటే నవరాత్రులూ ప్రోగ్రాములే, ఒక రాత్రి అంబర్‌పేట, ఒక రాత్రి ముషీరాబాద్, అమ్మ ప్రతిచోటికీ తోడు వచ్చి స్టేజీ పక్కన కుర్చీలో కూచునేది. అక్కడ మాకు దొరికే పెద్ద మెచ్చుకోలు 'అచ్చం క్యాసెట్ లాగే పాడింది' అని. నా గొంతు ఐదు శృతిలో హాయిగా ఉంటుంది, కానీ పాట క్యాసెట్‌లో ఏ శృతిలో ఉంటే అదే శృతిలో, ఆ గాయని ఎక్కడ ఊపిరి తీసుకుంటే అక్కడే తీసుకుని, ఆమె నవ్విన చోట నవ్వి పాడాలి. నాలుగేళ్లు అలా పాడాను. ఒక రోజు ఇంట్లో గిన్నెలు తోముతూ ఏదో కూనిరాగం తీస్తుంటే అక్క వంటింట్లోకి వచ్చి "రేడియో పెట్టావా?" అంది. సంతోషంగా అంది. నాకు మాత్రం కడుపులో ఏదో జారినట్టయింది, ఎందుకంటే ఆ క్షణాన నా గొంతు ఎలా ఉంటుందో నాకు నిజంగా గుర్తు రాలేదు.

సినిమా పాట తక్కువదని నేనెప్పుడూ అనను, ఎవరైనా అంటే ఒప్పుకోను. తెలుగునాట ఇంత మందికి పద్యం చెవిన పడిందంటే సగం ఘంటసాల గారి వల్లే. విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్న మనిషి, రాగం ఎంతసేపైనా తీయగలిగిన మనిషి, సినిమాలో పద్యం పాడేటప్పుడు ప్రతి అక్షరం విడివిడిగా వినపడేలా, రాగాన్ని మాట వెనక నిలబెట్టి పాడారు. అది కూడా ఆ రోజుల్లో జనానికి నచ్చిన పద్ధతే. జనానికి నచ్చడం తప్పయితే ఆయన్ని కూడా పక్కన పెట్టాలి. నా విషయంలో జరిగింది వేరు, నేను పాడుతున్నది నా గొంతులో లేదు.

ఆర్కెస్ట్రా మానేసి మళ్లీ పద్యం మొదలుపెట్టాను. ఇక నా దారి నాకు దొరికిందనుకున్నాను. దొరకలేదు. పద్యాల పోటీలకి వెళ్తే అక్కడా ఒక ఫ్యాషన్ ఉందని తెలిసింది. పద్యం చివర రాగం ఎంత పొడుగు లాగితే అన్ని చప్పట్లు, నాలుగో పాదం ఆఖరి అక్షరం పట్టుకుని మోహనలో మొదలుపెట్టి హిందోళంలోకి, అక్కణ్ణుంచి ఇంకోదానిలోకి తిరిగి తిరిగి రావాలి, జనం 'వన్స్ మోర్' అనాలి. నేనూ సాధన చేశాను. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఒక పోటీలో రెండుసార్లు వన్స్ మోర్ కొట్టించుకుని, మొదటి బహుమతి చేత్తో పట్టుకుని కిందికి వస్తే ఆఖరి వరసలో సార్ కూచుని ఉన్నారు. రిటైరై చాలా రోజులైంది, బాగా చిక్కిపోయారు. కాళ్లకి దండం పెట్టాను. తల మీద చెయ్యి వేసి, "నీ రాగం విన్న బిడ్డా, పద్యం వినలే" అన్నారు.

కోప్పడలేదు. బయట టీ తాగుతూ గంటసేపు మాట్లాడారు. ఈ వన్స్ మోర్ జబ్బు కొత్తది కాదట, వాళ్ల చిన్నప్పుడు కూడా చచ్చిపోయిన పాత్ర లేచి మళ్లీ పద్యం పాడి పడుకునేదట. గ్రామఫోను వచ్చాక అదే పాటగాళ్లు రాగాన్ని చిన్నది చేసుకోవాల్సి వచ్చింది, ఎందుకంటే ప్లేటు ఒక వైపు మూడు నిమిషాలకి మించి పట్టదు. హార్మోనియం సంగతి కూడా చెప్పారు. దాంట్లో గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, కుదరదని 1940లో రేడియో వాళ్లు దాన్ని నిషేధిస్తే 1971 దాకా అది స్టూడియో గడప తొక్కలేదు, ఆ ముప్పై ఏళ్లూ ఊళ్లలో నాటకం ఉన్న ప్రతి రాత్రీ అది మోగుతూనే ఉంది. "ఒగలు పొడుగు గుంజమంటరు, ఒగలు పొట్టిగ కొయ్యమంటరు, ఒగలు పెట్టెనే వద్దంటరు. నువ్వు గీ నాలుగు పాదాలల్ల ఏమున్నదో గది చెప్పు" అన్నారు. తర్వాత ఆ గోల మధ్యలోనే, టీ గ్లాసు పట్టుకుని, నేను స్టేజీ మీద పాడిన పద్యమే ఆయన పాడారు. గొంతులో కఫం ఉంది, శృతి అందడం లేదు. కానీ కృష్ణుడు యుద్ధం వద్దని చెప్తూ, ఒకవేళ వస్తే ఏమవుతుందో చెప్తున్నాడని, అది బెదిరింపూ బతిమాలుకోవడమూ రెండూ అని అప్పుడు తెలిసింది నాకు. ఆ పద్యం నాకు పదేళ్లుగా నోటికొచ్చు, అయినా అప్పుడే తెలిసింది.

పోయిన ఏడాది సంగతి చెప్తాను. మా అక్క కొడుకు, ఇంజినీరింగ్ కుర్రాడు, "పిన్నీ, నీ పద్యాలకి బీట్ పెట్టి రీల్స్ చేద్దాం, జనం చూస్తారు" అని కృష్ణానగర్‌లో ఒక చిన్న రికార్డింగ్ గదికి తీసుకెళ్లాడు. మంచి మనసుతో చేశాడు, ఇప్పటికీ వాడంటే నాకు ప్రాణం. హెడ్‌ఫోన్స్ పెట్టుకోగానే టిక్, టిక్, టిక్ అని క్లిక్ మొదలైంది. మొదటి గణం సరిపోయింది. మూడో గణం దగ్గర మూడూ లఘువులే, నేను ముందుకు వెళ్లిపోయాను. ఈసారి క్లిక్ కోసం లఘువుని సాగదీశాను, 'వద్దు' అనాల్సిన చోట మాట మారిపోయినట్టు వినపడింది. ఎనిమిది టేకులు. సౌండ్ చూసే అబ్బాయి ఓపికగా, "పర్లేదమ్మా, సాఫ్ట్‌వేర్‌లో సరిచేస్తా" అన్నాడు. సరిచేసి వినిపించాడు కూడా. ప్రతి అక్షరం గళ్లలో కూచుంది, ఎక్కడా తప్పు లేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, అది చూసి వాళ్లిద్దరూ టెన్షన్ పడ్డారు. క్లిక్ తీసేసి, వెనక తంబూర ఒక్కటే పెట్టి, ఒక్క టేకులో పాడేసి వచ్చాను.

వాడు రెండూ పెట్టాడు, నాకు చెప్పే పెట్టాడు. తంబూరది రెండొందల మంది కూడా చూడలేదు, బీట్‌ది వేలల్లోకి వెళ్లింది. కొండాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్ వాళ్లు ఉగాదికి పిలిచి 'ఆ బీట్ పద్యమే' కావాలన్నారు. అది పాడను, హార్మోనియంతో అయితే వస్తానన్నాను. రెండు రోజులు ఆలోచించి ఐదు నిమిషాలు ఇచ్చారు. వెళ్లాను. సగం మంది స్టాళ్ల దగ్గర ఉన్నారు, పిల్లలు పరుగెడుతున్నారు. రెండో పాదం నడుస్తుండగా ముందు వరసలో ఒక పెద్దావిడ పెదవులు కదులుతున్నాయి, నాతో పాటే పాడుతున్నారు, మాట ఎక్కడా తెంపకుండా. దిగాక ఆవిణ్ణి వెతికాను, అప్పటికే వెళ్లిపోయారు. ఆ రాత్రి బీట్ వీడియో తీసెయ్యమని అడిగాను. వాడు ఎందుకు అని అడగలేదు.

సార్ పోయి ఇది మూడో సంవత్సరం. వాళ్లమ్మాయి ఫోన్ చేసి హార్మోనియం నన్ను తీసుకెళ్లమంది, ఇంట్లో వాయించేవాళ్లు లేరట. తిత్తి రెండు చోట్ల చిరిగి ఉంటే అతికించాను, రీడ్లలో దుమ్ము దులిపాను. మధ్య స్థాయిలో గాంధారం మెట్టు ఒకటి వేలు తీసేశాక కూడా ఒక క్షణం ఆగి పైకి లేస్తుంది. బాగుచేసే ఆయన కొత్త స్ప్రింగు వేస్తానన్నాడు, నేనే వద్దన్నాను. స్టాఫ్ రూం నుంచి మనకి వినపడిన ఆ చిన్న ఈడ్పు అదే.

మనం కలిసే రోజు ఆ పెట్టె తీసుకుని వస్తాను. కింద తరగతి గదిలోనే కూచుందాం, స్టేజీ వద్దు, మైకు వద్దు. మూడు పాదాలు నేను పాడతాను, నాలుగోది మీరు అందుకోవాలి. ఆ రోజు వెనక వరసలో 'పాట, పాట' అని అరిచినవాళ్లు కూడా తప్పకుండా రావాలి, మీ గొంతులు పెద్దవి.