ఘాటే

గుంటూరు మిర్చి యార్డులో దగ్గని మనిషి ఉండడు. ఇరవై ఆరేళ్లుగా ఓ కమీషన్ కొట్టులో గుమాస్తాని. సీజన్లో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగుతుంటే తుమ్ములు, కళ్లమంటలు మామూలే. అందుకే 2025 ఫిబ్రవరిలో నాకు దగ్గు పట్టుకున్నప్పుడు, మూతికి తువ్వాలు చుట్టుకుని మూడు వారాలు అలాగే లెక్కలు రాశాను.

చివరికి మేం ఎప్పుడూ వెళ్లే డాక్టరుగారి దగ్గరికే వెళ్లాను. "యార్డులోనేగా పని? ఘాటు పడి ఇన్ఫెక్షన్ అయ్యుంటుంది" అని ఓ సిరప్పు, వారానికి సరిపడా లీవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ బిళ్లలు రాశారు. హాయిగా తగ్గింది. పది రోజులకి మళ్లీ మొదలు. మళ్లీ వెళ్తే మళ్లీ అవే బిళ్లలు. ఈసారీ తగ్గినట్టే తగ్గి తిరగబెట్టింది. ఏప్రిల్ చివరికల్లా సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది, తెల్లారేసరికి దిండు తడిసిపోయేది. ఓరోజు సరదాకి కాటా మీద నిలబడితే 49 కిలోలు. సంక్రాంతికి 57 ఉన్నాను.

మేలో యార్డుకి వేసవి సెలవులిచ్చారు. ఇంట్లో కూర్చున్నా దగ్గు ఆగలేదు. "యార్డుకి తాళం వేశారు గానీ మీ దగ్గుకి వెయ్యలేదే" అంది మా ఆవిడ.

ఈసారి డాక్టరుగారు ఎక్స్‌రే తీయించారు. ఫిల్ము లైటుకి పెట్టి చాలాసేపు చూశారు. కుడివైపు పైన తెల్లటి మచ్చ. నా పాత చీటీలు రెండూ అడిగి తీసుకుని, బల్ల మీద పక్కపక్కన పరిచారు.

"టీబీలా ఉందండీ. తెమడ పరీక్ష చేస్తే ఖాయంగా తెలుస్తుంది. రెండు వారాలు దాటిన దగ్గుకి ముందే చేయించాల్సింది. మీరు యార్డు అనగానే నేనూ ఘాటే అనుకున్నాను. పైగా నేనిచ్చిన బిళ్ల టీబీని కూడా కొంత అణుస్తుంది, అందుకే తగ్గినట్టు కనిపించింది. రెండు నెలలు ఆలస్యమైంది. తప్పు నాది."

నాకు నోట మాట రాలేదు. ఆయన అక్కడితో ఆగనూ లేదు. ఇంట్లో ఎవరెవరున్నారని అడిగారు. మా ఆవిడ, అమ్మ, మూడేళ్ల మనవరాలు. "అందరికీ పరీక్షలు చేయించాలి. ఆలస్యం వల్ల వాళ్లకి అంటే అవకాశం పెరిగింది." ఆ ఒక్క మాట చెప్పకుండా ఉంటే బాగుండేదనిపించింది.

చీటీ మీద అంతా రాశారు, ఆ మందు రెండుసార్లు వాడిన సంగతితో సహా. "మామూలు మందులకి లొంగని మొండి టీబీకి ఈ బిళ్ల కూడా వాడతారు. మీకు ముందే పడిందని సర్కారు ఆసుపత్రిలో తెలియాలి." బయట కాంపౌండరు మాత్రం ఎప్పట్లాగే ఫీజు తీసుకున్నాడు.

చీటీ చూసి మా బావమరిది ఊగిపోయాడు. "చేతిరాతతో ఒప్పుకున్నాడు బావా, వదలకూడదు." నాకూ కోపం లేకపోలేదు. పిల్ల రోజూ నా పక్కనే పడుకునేది. కానీ ఆ చీటీ తీసినప్పుడల్లా నా చిట్టా గుర్తొచ్చేది. ఓ సంవత్సరం ఒక రైతు టిక్కీ ఒకటి లెక్కలో పడలేదు. సాయంత్రం లెక్క సరిచూస్తుంటే బయటపడింది. అప్పటికే ఆయన బస్టాండుకి వెళ్లిపోయాడు. నా దగ్గర ఫోన్ నంబరుంది. చెయ్యలేదు. షావుకారు చూడకుండా అంకె దిద్దేశాను. ఆ రైతు పేరు ఇప్పటికీ గుర్తే. ఇదంతా బావమరిదికి చెప్పలేదు, కేసు వద్దన్నానంతే.

తెమడలో టీబీ ఉందని తేలింది. అదృష్టం, మందులకి లొంగే రకమే. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు. అన్నీ ఉచితం, తిండికి నెలకి వెయ్యి చొప్పున ఖాతాలో వేశారు. మూత్రం నారింజ రంగులో వస్తుందని ముందే చెప్పినా, మొదటిరోజు చూసి గుండె ఝల్లుమంది. ఇంట్లో ఎవరికీ జబ్బు లేదు. మనవరాలికి మాత్రం రాకుండా ఆరు నెలలు బిళ్ల వేయమన్నారు. చేదని మారాం చేసేది. బెల్లం ముక్క చూపించి మింగిస్తుంటే దాని మొహం చూడలేకపోయేవాణ్ని.

నవంబరులో కోర్సు పూర్తయింది. ఇప్పుడు 55 కిలోలు.

మొన్న మా పక్క కొట్టు హమాలీ అదే డాక్టరుగారి దగ్గరికి దగ్గుతో వెళ్లి విసుక్కుంటూ వచ్చాడు. "ఘాటేనని చెబితే వినడండీ, తెమడ పరీక్షకి పంపాడు." రెండు రోజుల తర్వాత ఫలితం వచ్చింది. ఘాటే.