సోమవారం, వాన, పాలిపోయిన స్లైడు

ఒడిశా అంచున మా పర్లాకిమిడిలో జులై వాన పట్టుకుందంటే వదలదు. అయినా సోమవారం కాబట్టి జనం తగ్గరు. గుమ్మ వైపు నుంచి, సెరంగో వైపు నుంచి కొండ బస్సులు దిగినవాళ్లు, ఇటు పాతపట్నం నుంచి బోర్డరు దాటి వచ్చినవాళ్లు, అందరూ ఒక్కసారే ల్యాబ్ బెంచీకి తడిసిన గొడుగులు ఆనించి కూర్చుంటారు. ఒకరిది సవర, ఒకరిది ఒడియా, ఒకరిది మన శ్రీకాకుళం తెలుగు. రక్తం తీసే తమ్ముడు మూడు భాషల్లోనూ "గుప్పిట బిగించు" అనగలడు, మిగతాదంతా చేతి సైగలే. గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్లోనే పాఠాలు చెప్పుకుంటూ సవర నేర్చుకుని నిఘంటువు దాకా వెళ్లారు, మేమేమో సూది దగ్గర ఆగిపోయాం.

పొద్దున వచ్చిన శాంపిల్స్‌లో ఒకామెది హీమోగ్లోబిన్ 7.2. ఎర్రకణం సైజు చెప్పే ఎంసీవీ 64, అది 80 నుంచి 100 మధ్య ఉండాలి. ఎర్రకణాల లెక్క 3.7. ఈ అంకెలు చూడగానే నా చెయ్యి దానంతటదే 64ని 3.7తో భాగించేస్తుంది. మెంట్జర్ ఇండెక్స్ అంటారు, 13 దాటితే ఐరన్ లోపం వైపు, 13 కన్నా తగ్గితే తలసీమియా క్యారియర్ వైపు (హీమోగ్లోబిన్ గొలుసులు తక్కువగా తయారయ్యే వంశపారంపర్య జబ్బు తలసీమియా, దాని చెడ్డ జీన్ ఒక్కటే ఉన్నవాళ్లు క్యారియర్లు) అనుమానించమని లెక్క. ఈమెది 17 దాటింది. స్లైడు గీసి లీష్మన్ స్టెయిన్ వేసి చూస్తే అనుకున్నట్టే ఉంది, చిన్న చిన్న కణాలు, నడుమ పెద్ద తెల్లటి ఖాళీ, అంచున మాత్రం సన్నగా గులాబీ రంగు. "మైక్రోసైటిక్ హైపోక్రోమిక్" అని రిపోర్టులో రెండు మాటలు కొట్టేసి తర్వాతది తీసుకోవాలి, తీసుకున్నాను కూడా. కానీ ఈ మధ్య రాత్రిళ్లు ఇదే విషయం చదువుతున్నానేమో, ఆ రెండు మాటలు కణానికి అన్యాయం చేస్తున్నాయనిపిస్తోంది.

చిన్నది, పాలిపోయింది అంటే సరుకు లేక సగంలో ఆగిపోయిన బలహీనమైన కణం అనుకుంటాం. కాలేజీలో మాకు చెప్పింది కూడా అంతే, ఇనుము లేకపోతే హీమ్ లేదు, హీమ్ లేకపోతే హీమోగ్లోబిన్ లేదు, రాసుకోండి. ఈ చెప్పడంలో ఒక మెట్టు ఎగిరిపోయింది. హీమోగ్లోబిన్‌లో నాలుగు గ్లోబిన్ గొలుసులుంటాయి, రెండు ఆల్ఫా, రెండు బీటా, ఒక్కో గొలుసులో ఒక్కో హీమ్, అంటే ఇనుముని నడుమ పెట్టుకుని ఆక్సిజన్‌ని పట్టుకునే చిన్న అణువు. గొలుసు అల్లడానికి ఇనుముతో పని లేదు. అమైనో ఆమ్లాలు ఉన్నాయి, గొలుసు అల్లే యంత్రాలైన రైబోజోములు ఉన్నాయి, ఎలా అల్లాలో చెప్పే జీన్ నకలు, అదే గ్లోబిన్ ఎమ్‌ఆర్‌ఎన్‌ఏ, అయితే కుప్పలుగా ఉంది. మరి ఆ గొలుసులు ఎందుకు తయారు కాలేదు?

కణమే ఆపేసింది కాబట్టి. ఎముకల మూలుగలో ఎర్రకణాలుగా మారబోయే పిల్లకణాల్లో హెచ్‌ఆర్‌ఐ అని ఒక ఎంజైము ఉంటుంది. హీమ్ సరిపడా ఉన్నంతసేపూ ఆ హీమే దానికి అతుక్కుని దాన్ని పని చెయ్యనివ్వదు. హీమ్ తగ్గగానే హెచ్‌ఆర్‌ఐ లేచి, ఈఐఎఫ్2 అనే ప్రొటీన్ ఆల్ఫా భాగంలో 51వ స్థానంలో ఉన్న సెరీన్ అనే అమైనో ఆమ్లానికి ఒక ఫాస్ఫేట్ తగిలిస్తుంది. ప్రతి ప్రొటీన్‌కీ మొట్టమొదటి అమైనో ఆమ్లమైన మెథియోనిన్‌ని రైబోజోము దగ్గరికి మోసుకొచ్చేది ఈ ఈఐఎఫ్2నే. ఒకసారి మోసి దింపాక దాన్ని మళ్లీ సిద్ధం చేసేది ఈఐఎఫ్2బి. ఫాస్ఫేట్ తగిలిన ఈఐఎఫ్2 ఆ 2బిని పట్టుకుని వదలదు, కణంలో 2బి ఉండేదే కాస్త, అందుకని ఈఐఎఫ్2లో కొద్ది వంతుకే ఫాస్ఫేట్ తగిలినా మొత్తం తయారీ చల్లబడిపోతుంది. దీని జాడ మొదట దొరికింది కుందేలు రెటిక్యులోసైట్లని, అంటే ఇంకా పూర్తిగా ముదరని ఎర్రకణాల్ని, పగలగొట్టి తీసిన రసంలో. అందులో హీమ్ కలపకపోతే ప్రొటీన్ తయారీ కొన్ని నిమిషాలు బాగానే నడిచి టక్కున ఆగిపోయేది.

మినప్పప్పు నిండుకుందని తెలిస్తే మా అమ్మ ఇడ్లీరవ్వ నానబెట్టదు, నానబెట్టి ఏం చేసుకుంటాం అంటుంది. హెచ్‌ఆర్‌ఐది కూడా దాదాపు అదే లెక్క, కాకపోతే ఇక్కడ మిగిలిపోయిన సరుకు వృథా కావడంతో ఊరుకోదు. హీమ్ లేని గ్లోబిన్ సరిగ్గా మడత పడి నిలబడలేదు, ముద్దలు కట్టి పొరకి అంటుకుని కణాన్నే చంపుతుంది. 2001లో హెచ్‌ఆర్‌ఐ జీన్ తీసేసిన ఎలుకల్ని ఐరన్ లోపంలో పెట్టి చూశారు. వాటి కణాలు చిన్నబడలేదు, పాలిపోలేదు కూడా. నా మైక్రోస్కోపు కింద పెడితే ఐరన్ లోపమని నేను చస్తే అననేమో. కానీ లోపల హీమ్ లేని గ్లోబిన్ ముద్దలు ముద్దలుగా పేరుకుంది, మూలుగలోనే కణాలు చచ్చిపోవడం ఎక్కువైంది, ఎర్రకణాల లెక్క పడిపోయింది. అంటే పొద్దున నేను చూసిన ఆ తెల్లటి ఖాళీ, ఉన్న ఇనుముకి తగ్గట్టు గ్లోబిన్ తగ్గించుకున్న కణం తాలూకు ఖాళీ. రిపోర్టులో ఇదంతా రాయడానికి కాలమ్ ఉండదు, రాసినా చదివే డాక్టరు ఉండడు.

పదకొండింటికి కరెంటు పోయింది. ఇన్వర్టరు మీద సెల్ కౌంటరు నడవదు, సెంట్రిఫ్యూజు అసలే నడవదు. ఆ 7.2 ఆమె కిటికీ దగ్గరికి వచ్చి, "రగతం తక్కువుందేటమ్మా?" అంది. డాక్టరు గారు చెప్తారు పిన్నీ అన్నాను, అనాలి కూడా, కానీ ఒక్క మాట మాత్రం ఆపుకోలేక చెప్పేశాను: ఐరన్ మాత్ర ఇస్తే టీతో వేసుకోకు, టీ తాగిన వెంటనే కూడా వద్దు. "టీ మానీమంటే ఎలగమ్మా" అని నవ్వింది. మాననక్కర్లేదు, గంటో రెండు గంటలో ఎడం ఉంచితే చాలు.

కరెంటు వచ్చాక ఒక రెటిక్ కౌంట్, అంటే రెటిక్యులోసైట్ల లెక్క, చేశాను. నాకు ల్యాబ్‌లో అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే, తమ్ముడికి మాత్రం విసుగు. "అక్కా, మిషన్ చెయ్యదా ఇది" అంటాడు ప్రతిసారీ. మా మిషన్ చెయ్యదు. రక్తం ఇంకా బతికుండగానే న్యూ మిథిలీన్ బ్లూ కలిపి, వెచ్చగా పావుగంట ఉంచి, స్లైడు గీసి చూడాలి. కొత్తగా బయటికొచ్చిన ఎర్రకణాల్లో నీలి దారాలు చిక్కుపడినట్టు కనిపిస్తాయి. ఆ దారాలు ఆర్‌ఎన్‌ఏ, రైబోజోములు. మామూలు మైక్రోస్కోపులో, మామూలు బల్బు వెలుగులో, ఆర్‌ఎన్‌ఏ జాడ కోసమే చూసే పరీక్ష మా ల్యాబ్‌లో ఇదొక్కటే, అందుకే నాకు మోజు. పెద్దవాళ్లలో మామూలుగా ఇది రెండున్నర శాతం లోపే ఉంటుంది. ఇవాళ్టి పేషెంటు పోయిన వారం ఐరన్ మాత్రలు మొదలుపెట్టాడు, ఇప్పుడు 6 శాతం. అంటే ఇనుము మూలుగకి చేరింది, హీమ్ తయారైంది, హెచ్‌ఆర్‌ఐ మళ్లీ పడుకుంది.

రెటిక్యులోసైట్ సంగతి ఏమిటంటే దానికి కేంద్రకం ఉండదు, మూలుగలోనే బయటికి తోసేసి వస్తుంది. డీఎన్‌ఏ పోయింది కాబట్టి కొత్త ఎమ్‌ఆర్‌ఎన్‌ఏ రాదు, చేతిలో ఉన్నదాంతోనే ఇంకో రోజో రెండు రోజులో హీమోగ్లోబిన్ తయారు చేసుకోవాలి. ఒక్కో ఎర్రకణంలో దాదాపు 27 కోట్ల హీమోగ్లోబిన్ అణువులు ఉంటాయి, అవన్నీ తయారు కావాలంటే ఆ ఆర్‌ఎన్‌ఏ గట్టిగా నిలవాలి. ఆల్ఫా గ్లోబిన్ ఎమ్‌ఆర్‌ఎన్‌ఏ తోక భాగంలో సి అక్షరాలు ఎక్కువగా ఉన్న చోటుంది, అక్కడ కొన్ని ప్రొటీన్లు కూర్చుని దాన్ని చెడిపోకుండా కాస్తాయి. హీమోగ్లోబిన్ కాన్‌స్టంట్ స్ప్రింగ్ అనే రకంలో ఆగమని చెప్పే కోడాన్ (మూడక్షరాల సంకేతం) మారిపోవడంతో రైబోజోము ఆగాల్సిన చోట ఆగదు, తోకలోకి చొరబడి ఆ కాపలా ప్రొటీన్లని తోసేస్తుంది. గొలుసు 31 అమైనో ఆమ్లాలు పొడుగవుతుంది, కానీ అసలు దెబ్బ అది కాదు, కాపలా పోయిన ఆర్‌ఎన్‌ఏ త్వరగా చెడిపోవడం. ఒక అక్షరం మారితే ప్రొటీన్ మారుతుందని అందరం చదివాం, ఆర్‌ఎన్‌ఏ ఆయుష్షే మారిపోతుందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మధ్యాహ్నం చద్దన్నం, మామిడి పచ్చడి. తర్వాత ఇంకో శాంపిల్, కాలేజీ కుర్రాడు, హీమోగ్లోబిన్ 11.8, ఎంసీవీ 66, ఎర్రకణాలు మాత్రం 5.6. భాగిస్తే 12 లోపే. ఎవరో ముందే ఐరన్ టానిక్ రాసిచ్చారట, నెలల తరబడి తాగుతున్నాడు, ఏమీ కదల్లేదు. సార్‌కి ఫోన్ చేసి, హీమోగ్లోబిన్ రకాల్ని విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్షకి పంపిద్దాం, టానిక్ సంగతి ఆ రిపోర్టు వచ్చాకే చూద్దాం అన్నాను.

ఇతనిది బీటా తలసీమియా క్యారియరే అయితే అక్కడ నడిచే కథ వేరు. మన దేశంలో ఈ జబ్బులో ఎక్కువగా కనిపించే మార్పు ఐవీఎస్ 1-5, జీన్‌లో ఒక జి ఉండాల్సిన చోట సి ఉంటుంది, దాంతో ఆర్‌ఎన్‌ఏని కోసి అతికించే పని గాడి తప్పుతుంది. ఇంకొన్ని రకాల్లో ఆగమనే సంకేతం ముందే వచ్చేస్తుంది. అప్పుడు కణం చేసే పని నాకు భలే ఇష్టం. ఆర్‌ఎన్‌ఏని అతికించిన ప్రతి చోటా కొన్ని ప్రొటీన్లు గుర్తుగా మిగిలి ఉంటాయి, మొదటిసారి చదువుకుంటూ పోయే రైబోజోము వాటిని తొలగించుకుంటూ పోతుంది. రైబోజోము ఆగిపోయాక కూడా ముందు ఇంకో అతుకు గుర్తు మిగిలే ఉందంటే, ఆగకూడని చోట ఆగినట్టే లెక్క. యూపీఎఫ్1 అనే ప్రొటీన్, దాని జట్టు వచ్చి ఆ ఆర్‌ఎన్‌ఏనే ముక్కలు చేయించేస్తాయి. సగం గొలుసు పేరుకునే దాకా రానివ్వవు. రెండో జీన్ బాగుంది కాబట్టి మనిషి కాస్త పాలిపోయి ఉంటాడంతే, హాయిగా బతికేస్తాడు. బీటా గ్లోబిన్ జీన్‌కి మూడు ఎక్సాన్లు, అంటే కోసి అతికించాక ఆర్‌ఎన్‌ఏలో మిగిలే ముక్కలు. అదే తప్పుడు సంకేతం చివరి ఎక్సాన్‌లో వస్తే? దాని తర్వాత అతుకు లేదు, గుర్తు లేదు, ఆ ఆర్‌ఎన్‌ఏ ఈ తనిఖీ నుంచి తప్పించుకుంటుంది. తెగిన గొలుసు తయారవుతుంది, మడత పడలేక ముద్ద కడుతుంది, అప్పుడు ఒక్క చెడ్డ జీన్ ఉన్నా చాలు జబ్బు పైకి తేలుతుంది. ఎక్కువ చెడిన జీన్ కన్నా చివర్లో కాస్త చెడిన జీన్ ప్రమాదం కావడం, చదివిన రోజు నమ్మబుద్ధి కాలేదు.

బీటా తగ్గితే మిగిలిపోయే ఆల్ఫా గొలుసుల సంగతి చూసుకోవడానికి కూడా ఒక ప్రొటీన్ ఉంది, ఏహెచ్‌ఎస్‌పీ, 2002లో బయటపడింది. జత దొరికేదాకా ఒంటరి ఆల్ఫాని పట్టుకుని ఉంచుతుంది. అప్పటికీ మిగిలినవాటిని ప్రొటీన్లని ముక్కలు చేసే ప్రొటియజోము నమిలేస్తుంది. క్యారియర్‌కి ఇది సరిపోతుంది, రెండు జీన్లూ చెడినవాళ్లకి సరిపోదు.

సాయంత్రం ఆఖర్న ఒక సవర పిల్ల, వాళ్ల నాన్న. ఒళ్లు నొప్పులు, కళ్లు పచ్చగా. ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే సికిల్ జబ్బు అనుమానంతో సాల్యుబిలిటీ టెస్టు పెడితే ట్యూబు మబ్బుగా అయిపోయి వెనక కాగితం మీద గీతలు కనిపించలేదు. దీన్ని కూడా పైకి పంపి నిర్ధారించుకోవాలి. 2023 జులై 1న మొదలైన సికిల్ సెల్ మిషన్ 2047 కల్లా నిర్మూలన అంటోంది, కొండ గ్రామాల్లో సికిల్ పరీక్ష చేసి కార్డులు ఇస్తున్నారు, ఈ పిల్ల చేతిలో ఇంకా లేదు. సికిల్‌లో తమాషా ఏమిటంటే తనిఖీలన్నీ పాస్ అయిపోతుంది. ఆర్‌ఎన్‌ఏ చక్కగా ఉంటుంది, గొలుసు పూర్తి పొడవు వస్తుంది, మడతా బాగానే పడుతుంది, ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ ఉందన్నది ఎవరికీ పట్టదు. ఆక్సిజన్ వదిలాక మాత్రం అణువులు ఒకదానికొకటి అంటుకుని పొడుగ్గా సాగిపోతాయి. ఇలాంటి జీన్లు మలేరియా ఉన్న చోట ఎందుకు నిలిచాయో, 1949లో అచ్చయిన వ్యాసంలో తలసీమియా గురించి రాస్తూ మొదట ఊహించినవాళ్లలో జన్యుశాస్త్రవేత్త హాల్డేన్ ఒకడు. ఆయన చివరి రోజులు భువనేశ్వర్‌లోనే గడిచాయి, 1964లో పోయాడు, శరీరాన్ని మన కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి రాసిచ్చాడు. ఒడిశా నుంచి ఆంధ్రాకి ఇలా వెళ్లినవాడు ఇంకొకడు ఉన్నాడో లేడో.

ఇంతకీ హెచ్‌ఆర్‌ఐ మళ్లీ ఇక్కడ తగులుతుంది. తల్లి కడుపులో ఉన్నప్పటి హీమోగ్లోబిన్ పెద్దయ్యాక కూడా కాస్త ఎక్కువగా ఉంటే సికిల్ వాళ్లకి బాధ తగ్గుతుంది, హైడ్రాక్సీయూరియా మాత్ర చేసే మేలులో పెద్ద భాగం అదే. పెద్దవాళ్లలో దాన్ని తొక్కిపెట్టేవాటిలో హెచ్‌ఆర్‌ఐ ఒకటని 2018లో తేలింది. దాన్ని ఆపే మందు దొరికితే మేలని ఆశ. నాకు మాత్రం ఆ ఎలుకలే గుర్తొస్తున్నాయి. ఐరన్ లేని ఒంట్లో హెచ్‌ఆర్‌ఐని ఆపడమంటే చిన్న సంగతి కాదు, మా దగ్గర ఆడపిల్లల్లో ఐరన్ సరిగ్గా ఉన్నవాళ్లని వెతుక్కోవాలి. అలాంటి మందు ఎప్పుడైనా ఈ కొండలకి వస్తే ముందు ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెర్రిటిన్ చూసి మరీ ఇవ్వాలి. ఫెర్రిటిన్ మా ల్యాబ్‌లో చెయ్యం, శాంపిల్ బరంపురం పోవాలి, రిపోర్టు తిరిగొచ్చేసరికి పిల్లని తీసుకుని వాళ్ల నాన్న కొండెక్కేసి ఉంటాడు. ఫోన్ నంబరు రాయించుకున్నాను, సిగ్నల్ ఉంటేనట.